కంపెనీ ల్యాప్‌టాపు, కొండగట్టు కింద ఇల్లు

నాచుపల్లి జేఎన్‌టీయూలో (మా వైపు దాన్ని ఇప్పటికీ కొండగట్టు కాలేజీ అనే అంటారు) చదివి హైదరాబాదులో ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది జీతాల గురించి కాదు, ఆన్‌సైట్ గురించి అంతకన్నా కాదు. "అన్నా, మనం ల్యాప్‌టాప్ల ఏం జేస్తున్నమో కంపెనోళ్లు సూస్తున్నరా, ఎట్ల తెల్సుకోవాలె?" అని. ఒకడికి ఫోన్లో చెప్పాను, ఇంకొకడికి వాట్సాప్‌లో చెప్పాను, మూడో వాడు అడిగేసరికి ఇలా కూర్చుని రాసేయడమే నయమనిపించింది.

ఒక్క ముక్కలో నా సమాధానం: చూస్తున్నారు. రెండో ముక్క కూడా చెప్పమంటే, చూడగలిగే ఏర్పాటు ఉంది, కూర్చుని ఎవడైనా నిజంగా చూస్తున్నాడా అన్నది వేరే సంగతి. మనవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకుని, అయితే "ఆఁ, మనల్నెవడు చూస్తాడ్లే" అని గాలికొదిలేస్తారు, లేదంటే కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించి పని అయిపోయిందనుకుంటారు. బొట్టుబిళ్ల మంచిదే. కానీ అది ఆపేది నూటికి ఒక వంతు కూడా కాదు.

కొత్త కారు కొంటే మా వైపు వాళ్లు తిన్నగా కొండగట్టు అంజన్న దగ్గరికి తోలుకెళ్లి పూజ చేయిస్తారు. 2023 జనవరిలో పవన్ కళ్యాణ్ తన వారాహి బండిని తెచ్చిందీ అక్కడికే. కంపెనీ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ పూజ మన చేతికి రాకముందే ఐటీ డిపార్ట్‌మెంటు వాళ్లు చేసేసి, డబ్బాలో పెట్టి పంపిస్తారు. ఏం మంత్రాలు చదివారో మనకి చెప్పరు :) మనం చెయ్యగలిగిందల్లా ఆ మంత్రాలేంటో చూసి తెలుసుకోవడం.

ఇదివరకు దీని గురించి నాకంత పట్టింపు ఉండేది కాదు. ఆఫీసు కంప్యూటరు ఆఫీసులో ఉన్నంతకాలం, సాయంత్రం లేచి వచ్చేస్తే అక్కడితో అయిపోయేది. 2020 మార్చి తర్వాత ఆ కంప్యూటరు మల్యాలకీ, కొడిమ్యాలకీ, జగిత్యాలకీ వచ్చేసింది. ముందు గదిలో టీవీ పక్కన కూర్చుంది. దాని మైకు ముందు అమ్మ చిట్టీల లెక్కలు మాట్లాడుతుంది, నాన్న భూమి పాస్‌బుక్కు స్కాన్ చెయ్యమంటాడు, చెల్లెలు దాంట్లోనే హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటుంది. చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క కంప్యూటరూ అదే మరి. కంపెనీ నిఘా ఒప్పుకున్నది మనం. సంతకం పెట్టింది మనం. ఇంట్లో వాళ్లు ఎక్కడా పెట్టలేదు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. (కంపెనీ పేరు అనవసరం, ఏ కంపెనీ అయినా ఇదే చేసేది.) నోటీసు పీరియడ్‌లో ఉండగా తన జీతం స్లిప్పులూ, ఫారం-16లూ, పీఎఫ్ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోబోయాడు. అంతే. గంటలో మేనేజరు ఫోను, మర్నాడు హెచ్ఆర్ ఫోను, "డేటా బయటికి తరలించారు" అని మెయిలు. అవి తన సొంత కాగితాలే అని తేల్చడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ రిలీవింగ్ లెటర్ ఆగిపోయింది. చేరాల్సిన కొత్త కంపెనీ ఎదురుచూసీ చూసీ ఆఫర్ వెనక్కి తీసుకుంది. ఐటీలో ఉన్నవాళ్లకి రిలీవింగ్ లెటర్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు కదా. ఆ కుర్రాడికి పెన్‌డ్రైవ్ పెడితే రికార్డవుతుందన్న సంగతే తెలీదు. ఒప్పందం నలభయ్యో పేజీలో ఎక్కడో రాసే ఉందట, "కంపెనీ తన ఆస్తులను పర్యవేక్షించు హక్కు కలిగియున్నది" అని. ఏం పర్యవేక్షిస్తారో మాత్రం లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. మామూలు యూజరుగా, ఏ సాఫ్ట్‌వేరూ కొత్తగా ఎక్కించకుండా, ఏ పాలసీనీ మీరకుండా ఎంతవరకు తెలుసుకోవచ్చు?

నా మటుకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది సర్టిఫికెట్. కంపెనీ ల్యాప్‌టాప్‌లో జీమెయిల్ తెరవండి. అడ్రస్ పక్కన ఉండే చిన్న గుర్తు నొక్కి (క్రోమ్‌లో ఇదివరకు తాళం బొమ్మ ఉండేది, 2023లో మార్చేశారు) సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. మీ ఇంటి సొంత కంప్యూటర్లో అయితే గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ అని ఉంటుంది. కంపెనీ దాంట్లో జీస్కేలర్ అనో, నెట్‌స్కోప్ అనో, మీ కంపెనీ పేరో కనపడిందంటే అర్థం ఏంటి? మీకూ గూగుల్‌కీ మధ్య ఒక పెద్దమనిషి కూర్చుని ఉత్తరం విప్పి, చదివి, మళ్లీ గోంద అంటించి పంపిస్తున్నాడన్న మాట. ఆ గోంద అసలుదే అని మీ బ్రౌజరు నమ్మడానికి కారణం, ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే కంపెనీ తన రూట్ సర్టిఫికెట్‌ని అందులో నమ్మకస్తుల జాబితాలో పెట్టేయడం. "హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, భద్రమే" అనుకునేవాళ్లకి ఈ ఒక్క తనిఖీ చాలు. బ్యాంకు సైటుతో మాత్రం చూడకండి, చాలా కంపెనీలు బ్యాంకులనీ ఆస్పత్రులనీ విప్పకుండా వదిలేస్తాయి. అది చూసి మిగతావన్నీ కూడా వదిలేశారనుకుంటే పొరపాటే.

బ్రౌజరు సంగతి ఇంకా తేలిక. క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న వాక్యం ఉంటే దాన్ని నొక్కండి. ఏ ఎక్స్‌టెన్షన్లు కంపెనీ బలవంతంగా ఎక్కించిందో, అవి ఏమేం చదవగలవో ఆ పేజీలో ఉంటాయి. గూగుల్ వాడు ఇంత మర్యాదగా చెబుతుంటే మనవాళ్లలో ఆ పేజీ తెరిచినవాడు నాకింతవరకు తగల్లేదు.

విండోస్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, ఆ తర్వాత వర్క్ ఆర్ స్కూల్ అని ఉండే చోటికి వెళ్తే ల్యాప్‌టాప్ ఏ కంపెనీ అదుపులో ఉందో, ఏ పాలసీలు దిగాయో తెలుస్తుంది. మ్యాక్ అయితే డివైస్ మేనేజ్‌మెంట్ అన్న చోట. మ్యాక్‌లో ఇంకో మంచి ఏర్పాటుంది: ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్ అని ఒక జాబితా. అక్కడ యూజరు టిక్కు పెట్టకుండా, కంపెనీ దూరం నుంచి గుట్టుగా తెర ఫొటోలు తీసే అనుమతి ఇచ్చేసుకోలేదు. విండోస్‌లో ఆ పాటి అడ్డు కూడా లేదు. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఏదైనా సరే మిమ్మల్ని అడక్కుండానే తెర ఫొటో తీసుకోవచ్చు. అందుకే తెర ఫొటోల వ్యాపారం అంతా విండోస్ మీదే సుఖంగా నడుస్తోంది.

ఇక టాస్క్ మేనేజరు. సర్వీసుల జాబితాలో "సెన్స్" అన్న పేరుంటే అది మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ ఎండ్‌పాయింట్. "సీఎస్ ఫాల్కన్" అని ఉంటే క్రౌడ్‌స్ట్రైక్. ఇవి ఏ ప్రోగ్రాం నడిచింది, ఏ కమాండు కొట్టారు, ఏ సైటుకి కనెక్షన్ వెళ్లింది అన్నవి రాసుకుంటాయి. వైరస్సులూ దొంగలూ పట్టుబడేది వీటివల్లే, వీటి మీద నాకు కోపం లేదు. యాక్టివ్‌ట్రాక్, హబ్‌స్టాఫ్, టైమ్ డాక్టర్, టెరామైండ్ లాంటి పేర్లు కనపడితే మాత్రం అది వేరే జాతి. వాటి పని దొంగని పట్టుకోవడం కాదు, మిమ్మల్ని లెక్కపెట్టడం: ఏ కిటికీ ఎన్ని నిమిషాలు తెరిచారు, ఎన్ని మీటలు నొక్కారు, నిమిషాలవారీగా తెర ఫొటోలు. వీటిలో అన్నీ అన్ని పనులూ చెయ్యవు. ఏది చేస్తుందో వాళ్ల వెబ్‌సైట్లలో వాళ్లే గొప్పగా రాసుకుంటారు, చదివి తెలుసుకోవచ్చు.

క్రౌడ్‌స్ట్రైక్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో అన్నిటికన్నా పెద్ద "నిఘా తనిఖీ" 2024 జులై 19న జరిగింది, అదీ ఎవరూ అడక్కుండానే. ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు చేత్తో రాసిచ్చిన ఫొటో అందరూ చూసే ఉంటారు. ఆ రోజు మీ ల్యాప్‌టాప్ నీలంగా అయ్యిందంటే దాంట్లో ఏజెంటు ఉన్నట్టే. ఇంతకు మించిన ఋజువు ఇంకేం కావాలి :)

ఎవరైనా అప్పటికప్పుడు దూరం నుంచి మన తెర చూస్తున్నారా అన్నది అందరికీ ఉండే భయం. మామూలు రిమోట్ డెస్క్‌టాప్‌తో మీ విండోస్ ల్యాప్‌టాప్‌లోకి ఎవరైనా వస్తే మీ తెర లాక్ అయిపోతుంది, దాగదు. క్విక్ అసిస్ట్ అయితే మీరు ఒప్పుకుంటేనే. కానీ పెద్ద కంపెనీలు వాడే కాన్ఫిగరేషన్ మేనేజర్ లాంటి వాటిల్లో యూజరుని అడగాలా వద్దా, పైన గుర్తు చూపించాలా వద్దా అన్నవి అడ్మిన్ ఎంచుకునే టిక్కులు. రిమోట్ డెస్క్‌టాప్‌లోనే షాడో అని ఒకటుంది, పాలసీ అలా పెడితే అడక్కుండా చూడొచ్చు. కాబట్టి "నాకేం పాపప్ రాలేదు, కనక ఎవరూ చూడలేదు" అనే తర్కం చెల్లదు.

అలాగే నెట్‌స్టాట్ కొట్టి కనెక్షన్ల జాబితా చూసుకుని నిఘా పట్టేశామనుకునేవాళ్లున్నారు. పదిహేనేళ్ల కింద అయితే వీఎన్‌సీ వాడి పోర్టు నంబరు చూసి పట్టుకునేవాళ్లం, నిజమే. ఇప్పుడు అన్నీ 443 మీదే వెళ్తాయి, అన్నీ ఎవరో ఒకరి క్లౌడ్‌కే వెళ్తాయి. వన్‌డ్రైవ్ ఏదో, నిఘా ఏదో ఆ జాబితా చూసి చెప్పగలిగేవాడికి నేను కొండగట్టులో కొబ్బరికాయ కొడతాను. పైగా దాక్కుని పని చేసే విధానం ఆ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి అమ్మకపు సరుకు. పేరు మార్చుకుని, జాబితాల్లో కనపడకుండా కూర్చుంటాయి. అడ్మిన్ హక్కులు వాళ్లవి, మనవి కావు. ఈ దాగుడుమూతల్లో మనం గెలిచేది లేదు. కనపడితే ఉన్నట్టు లెక్క, కనపడకపోతే లేనట్టు లెక్క కాదు, అంతే.

ఇంకో సంగతి మనవాళ్లు అసలు ఆలోచించరు. చాలా నిఘా ల్యాప్‌టాప్‌లో ఉండనే ఉండదు. టీమ్స్‌లో మాట్లాడింది, అవుట్‌లుక్‌లో రాసింది, వీపీఎన్ ఎప్పుడు తగిలించింది, గేటు దగ్గర కార్డు ఎన్నింటికి గీసింది, ఇప్పుడైతే కోపైలట్‌ని అడిగిన ప్రశ్నలు కూడా, ఇవన్నీ సర్వర్లో రికార్డవుతాయి. ల్యాప్‌టాప్‌ని అంగుళం అంగుళం వెతికినా అక్కడ ఏమీ దొరకదు. 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రొడక్టివిటీ స్కోర్ అని ఒకటి తెచ్చి, ఏ ఉద్యోగి ఎన్ని రోజులు మెయిలు పంపాడు, ఎన్ని రోజులు చాట్ చేశాడు అని పేర్లతో సహా చూపించింది. గోల అయ్యాక డిసెంబరు మొదట్లోనే పేర్లు తీసేసింది. పేర్లు తీసేసింది కానీ, లెక్క మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండబట్టే కదా చూపించగలిగింది!

వెబ్‌క్యామ్ దగ్గరికొస్తే, "కంపెనీ మన ఇంట్లోకి తొంగి చూస్తుందా, మరీ సినిమా కాకపోతే" అంటారు కొందరు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ అనే చోట బడి వాళ్లు పిల్లలకి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. పోతే వెతకడానికని ఒక ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. 2010లో సంగతి బయటపడే నాటికి అది పిల్లల గదుల ఫొటోలూ, తెర ఫొటోలూ కలిపి సుమారు 56 వేలు తీసి పెట్టింది. బడి 6 లక్షల 10 వేల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అక్కడ చెడ్డ ఉద్దేశంతో మొదలైంది ఏమీ లేదు, పోయిన ల్యాప్‌టాప్ దొరకాలన్న మంచి ఉద్దేశమే. ఒకసారి ఏర్పాటు చేశాక దాన్ని ఆపడం ఎవరి పనో రాసి లేకపోవడంతో వచ్చిన తంటా అది.

ఫోను గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడ మనకి నిజంగా ఎంచుకునే వీలుంది. సొంత ఫోన్లో ఆఫీసు మెయిలు పెట్టుకుంటే ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ వస్తుంది, ఆఫీసు యాప్‌ల మీద చిన్న సూట్‌కేసు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఉన్నంతవరకే కంపెనీ హద్దు. మీ ఫొటోలూ, మీ వాట్సాపూ దాని చేతికి రావు. ఫోను మొత్తాన్నీ కంపెనీ అదుపులోకి ఇమ్మని అడిగితే మాత్రం వద్దనండి, కావాలంటే కంపెనీ ఫోనే ఇమ్మనండి. దీనికి భయపడక్కర్లేదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లని సొంత ఫోన్లలో ముఖం చూపించి హాజరు వేసుకోమంటే, మా ఫోన్లలో ఎందుకు, ప్రభుత్వమే పరికరాలివ్వాలి అని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అడిగాయి. మూడు పదుల లక్షల ప్యాకేజీ తీసుకునే మనం ఆ మాట అడగడానికి నీళ్లు నములుతాం.

ఇక దొంగాటలు. టీమ్స్‌లో అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే ఆకుపచ్చ చుక్క పసుప్పచ్చగా మారుతుందని, మౌసుని కదిలించే చిన్న యంత్రాలు కొంటున్నారు జనం. ఫ్యాను రెక్కకి దారం కట్టిన వాణ్ని కూడా చూశాను నేను, ఇంజనీరింగ్ బుర్ర అంటే అదీ! అయితే యూఎస్‌బీలో పెట్టే యంత్రం ఏదైనా ల్యాప్‌టాప్‌లో కొత్త పరికరంగా నమోదవుతుంది. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు అమెరికాలో డజను మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది, కారణం ఏమిటయ్యా అంటే కీబోర్డు పని చేస్తున్నట్టు నటించడం. పని చెయ్యనందుకు కాదని గమనించండి.

నా అసలు గొడవంతా ఇక్కడే ఉంది. కొలిచేది ఏదైతే అదే పని అయిపోతుంది. దీనికి అమెరికా దాకా ఎందుకు, మా జగిత్యాల జిల్లాలోనే చూడండి. పంచాయతీ కార్యదర్శులు రోజూ యాప్‌లో ముఖం ఫొటో పెట్టి హాజరు వేసుకోవాలి. 2025లో మా జిల్లాలో ఒక కార్యదర్శి తన ముఖానికి బదులు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫొటో పెట్టి హాజరు వేసుకున్న సంగతి బయటపడి రాష్ట్రమంతా నవ్వుకుంది. యాప్ "సరే" అంది మరి! ఉపాధి హామీ పనుల్లోనూ అంతే. 2023 జనవరి నుంచి దేశమంతా పని చోటు నుంచి రోజుకి రెండు ఫొటోలు యాప్‌లో పెట్టాలని తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది: జనాలు పాత ఫొటోకే ఫొటో తీసి పెట్టేస్తున్నారు అని. ఎండలో నిజంగా తట్ట మోసిన మనిషికి సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయే ప్రమాదం, మోయని వాడి ఫొటో చక్కగా ఎక్కుతుంది.

నవ్వలేని ఉదాహరణ కూడా మా దగ్గరే ఉంది. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. చుట్టుపక్కల ఊళ్లల్లో ఆ రోజు ఏడవని ఇల్లు లేదు. బస్సులో వందమందికి పైగా ఉన్నారు. ఆర్టీసీలో డ్రైవర్ని కొలిచే కొలత ఏదో తెలుసు కదా, లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు. డిపోని కొలిచేది కిలోమీటరుకి ఎంత రాబడి. ఆ రెండు లెక్కలూ ఏ రోజుకారోజు పక్కాగా ఉంటాయి. ఆ డ్రైవర్‌కి అంతకు నెల కిందటే, ఆగస్టు 15న, ఉత్తమ డ్రైవర్‌గా సన్మానం జరిగిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆయన కూడా ఆ ప్రమాదంలోనే పోయాడు, ఆయన్ని నేనేమీ అనను. ఆ వంకర రోడ్డు మీద ఆ బస్సులో ఎంతమంది ఎక్కారు అన్నది మాత్రం ఏ అధికారి రిపోర్టులోనూ ఎర్ర చుక్కగా వెలగలేదు. మా మేనేజర్ల డాష్‌బోర్డుల్లో ఆకుపచ్చ చుక్కలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఎదుటి వాదన కూడా చెప్పాలి కదా. క్లయింటు బ్యాంకు వాడు తన జనాల ఖాతాల వివరాలు మన చేతిలో పెడుతున్నాడు, నిఘా లేకుండా ఎలా ఇస్తాడు? నిజం. కెమెరాలూ రికార్డులూ దండగ అని నేననను. 2023 ఫిబ్రవరిలో కొండగట్టు గుళ్లో వెండి దొంగతనం జరిగినప్పుడు సీసీ కెమెరా ఫుటేజీ పనికొచ్చింది, పోలీసులు దొంగల్ని బీదర్‌లో పట్టుకున్నారు. అయితే ఆ కెమెరా అర్చకుడు నిమిషానికి ఎన్ని మంత్రాలు చదివాడో లెక్కపెట్టలేదు. దొంగని పట్టడానికి పెట్టిన దాన్ని అర్చకుడి మీదకి తిప్పకూడదన్నదే నా వాదన. లండన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు 2020లో అదే చేసింది. మన పుణెలో పుట్టిన శాపియెన్స్ అన్న సాఫ్ట్‌వేర్‌ పెట్టి ఉద్యోగి సీట్లో ఎంతసేపు ఉన్నాడో లెక్కగట్టింది, పత్రికలకెక్కింది, కొద్ది రోజుల్లోనే మనిషి మనిషికీ లెక్క చూడ్డం మానుకుంది. అమెజాన్ ఫ్రాన్స్ గోదాముల్లో స్కానరు ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉందో లెక్కబెట్టినందుకు అక్కడి అధికారులు 3 కోట్ల 20 లక్షల యూరోల జరిమానా వేశారు, 2023 డిసెంబరులో.

మన దగ్గర చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. సంతోషం. ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం మీద చెల్లేవి. కంపెనీ మీద చెల్లాల్సింది 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాంట్లో ఏడో సెక్షన్ చదవండి, ఉద్యోగ అవసరాల కోసం, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడం కోసం అయితే ఉద్యోగి ఒప్పుదల లేకుండానే డేటా వాడుకోవచ్చు అని ఉంది. ఇంకో చమత్కారం పదకొండో సెక్షన్‌లో ఉంది: "నా డేటా ఏం పెట్టుకున్నావో చూపించు" అని అడిగే హక్కు ఒప్పుదల ఇచ్చినవాడికే. ఒప్పుదలే అక్కర్లేదన్నాక ఇక అడిగే హక్కెక్కడిది? నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. గడువు ముగిసినా ఈ రెండు సెక్షన్లూ ఇలాగే ఉంటే ఐటీ ఉద్యోగికి ఒరిగేది పెద్దగా లేదని నా అభిప్రాయం.

బయట దేశాల్లో కనీసం ముందు చెప్పాలి అన్న నియమం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 మే నుంచి, మెయిలూ ఇంటర్నెట్టూ ఫోనూ గమనిస్తామని చేరేటప్పుడే రాసిచ్చి ఉద్యోగి చేత చూశానని అనిపించుకోవాలి. రొమేనియాలో బర్బులెస్కు అనే ఇంజనీరుని 2007లో ఆఫీసు యాహూ మెసెంజర్‌లో సొంత మాటలు మాట్లాడాడని తీసేశారు. సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడినవి కూడా ప్రింటు తీసి పెట్టారు. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు మహానుభావుడు. 2017 సెప్టెంబరు 5న యూరప్ మానవ హక్కుల కోర్టు ఆయన పక్షాన చెప్పింది: వాడకూడదు అని రూలు పెట్టడం ఒకటి, నీ మాటల్ని కూడా చదువుతాం అని ముందే చెప్పడం ఇంకొకటి, రెండోది చెప్పకుండా చదవడం తప్పు అని. హైదరాబాదులో కూర్చుని న్యూయార్క్ క్లయింటుకి పని చేస్తున్నవాళ్లు ఎంతమంది! అక్కడి ఉద్యోగికి కాగితం ఇస్తారు, అదే టీములో ఇక్కడి వాడికి ఇవ్వరు.

కాబట్టి కుర్రాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, పైన చెప్పిన నాలుగైదు చోట్లా ఒక అరగంట కూర్చుని చూసుకోండి, అంతవరకు చాలు. ఏజెంటుని తీసేయబోకండి, ఆపబోకండి, నెట్‌వర్క్ పసిగట్టే టూల్స్ ఎక్కించబోకండి. వాటికి తమని ముట్టుకుంటే కేకలేసే ఏర్పాటు ఉంటుంది, నిఘా సంగతేమో గాని మీ ఉద్యోగం పోతుంది. సొంత పనులకి పాతదో గీతదో ఇంకో కంప్యూటరు కొనుక్కోండి, సెకండ్ హ్యాండ్‌ది అయినా పర్లేదు. నాన్న పాస్‌బుక్కూ, అమ్మ ఆస్పత్రి రిపోర్టులూ, మీ కొత్త రెజ్యుమే దాంట్లోనే ఉండాలి. జీతం స్లిప్పులు ఏ నెలకానెల ఫోన్లో దింపుకోండి, నోటీసు పీరియడ్ దాకా ఆగకండి. పని అయిపోయాక కంపెనీ ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి బ్యాగులో పెట్టేయండి, మూత వేస్తే సరిపోదు.

ఆ తర్వాత హెచ్ఆర్‌కి మెయిలు పెట్టండి. ఒక్కరే పెట్టడానికి భయమైతే టీములో పదిమంది కలిసి పెట్టండి. వెటకారం లేకుండా మూడే ప్రశ్నలు: మా మెషీన్లలో ఏమేం రికార్డు చేస్తున్నారు, ఎన్నాళ్లు దాస్తారు, మా మేనేజరుకి దాంట్లో ఏం కనపడుతుంది. నేను పని చేసే చోట మేం తొమ్మిదిమందిమి కలిసి పెట్టాం. మొదటిదానికి సెక్యూరిటీ టీము నుంచి మర్యాదగానే జవాబొచ్చింది, వెబ్‌సైట్లూ ప్రోగ్రాంలూ ఫైళ్ల కాపీలూ రాసుకుంటాం, తెర ఫొటోలు తియ్యం అని. రెండోదానికి తొంభై రోజులు అన్నారు. మూడోదానికి "సంబంధిత విభాగంతో మాట్లాడి చెబుతాం" అన్నారు. అది అడిగి నాలుగు నెలలయింది. నెలకోసారి ఆ మెయిలు మీదే మళ్లీ గుర్తుచేస్తున్నాం, ఈసారి సంతకాలు పద్నాలుగు అయ్యాయి.